రైలు మేకు

కమ్సార్,
జనవరి 1994.

బారీల ఇంట పుట్టిన నా బానిస సాలియూ పంతులికి, నీ యజమాని దెంబా సో దయతలచి రాసేది ఏమంటే –

ఇంకా బతికే ఉన్నావని పీతా నుంచి నారింజపళ్ళు తెచ్చిన లారీ డ్రైవరు చెప్పాడు. బాధపడ్డాను. ఆ కొండల చలిలో దుప్పట్లన్నీ కప్పుకుని, మా సో వంశంవాళ్ళ ఆవుల పెరుగు తింటూ, ఇంకెన్నాళ్ళుంటావు బావా? నువ్వు పోతే నీ గోతి అంచున నిలబడి జనాన్ని నవ్వించాల్సినవాణ్ణి నేనే కదా. నా మోకాళ్ళు పనిచేస్తుండగానే ఆ పని కానివ్వు.

ఇక్కడి కబుర్లు. ఎడారి గాలి దిగింది. ఖనిజం ఎండబెట్టే పొయ్యిగొట్టం దుమ్ముకి ఈ గాలి తోడైతే ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. మా ఆవిడ జైనబూ పొద్దున ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి ఇటుక రంగుకొస్తోంది. నేను దిగిపోయాక నా ఇంజను నడుపుతున్న కుర్రాడు వంతెన మలుపు దగ్గర కూత వెయ్యటం మానేశాడు. రోజూ వాణ్ణి తిట్టుకోవటమే నాకు పని. రేవులో ఓడలు వరసకట్టి కాచుకున్నాయి. వాటికి సరిపడా మట్టి గనుల నుంచి అందటం లేదట. అందుకని రెండో రైలు పట్టా వేస్తున్నారు.

అసలు సంగతి అదే. రెండో పట్టా పాత ఖబరస్తాన్ మీంచి పోతుంది. ఇమాంగారూ ఊరి పెద్దలూ కూర్చుని ఒప్పుకున్నారు. పద్ధతిగానే చేస్తున్నారు, మసీదు మైకులో ప్రతి శుక్రవారం చెబుతున్నారు. ఎవరి సమాధి వాళ్ళు వచ్చి చూపించాలి. చూపిస్తే తెల్లబట్టలో చుట్టి, కొత్తచోట పేరు రాసిన పలక పెట్టి పడుకోబెడతారు. చూపించే దిక్కు లేకపోతే పేరు లేని వరసలోకి. వానలు పడేలోగా అంతా అయిపోవాలి.

రమతా అక్కడుంది. జీడిమామిడి చెట్టు కింద అని నాకు తెలుసు. ఆ చెట్టు కింద ఆడవాళ్ళు ఇంకా ఉన్నారు, ఎవరిది ఏదో నాకు తెలీదు. ఎనిమిది వానాకాలాలకి మట్టిదిబ్బలన్నీ చదునైపోయాయి. పూడ్చిన రోజున తలవైపు నేనొక రైలు మేకు దిగ్గొట్టాను. నువ్వేం చేశావు? మర్నాడొచ్చి పీకేశావు. "నా భార్య సామాను పెట్టె కాదు, చక్కని వాక్యం చెక్కించి రాతిపలక పెట్టిస్తాను" అన్నావు. వాక్యం అయిందా పంతులూ?

కాబట్టి వచ్చి నీ పెళ్ళాన్ని చూపించు. రాకపోతే నేనే పెళ్ళాడి తీసుకుపోతా. ఆవిడ మీ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచీ నా పెళ్ళామనే కదా పిలిచాను. ఎప్పుడూ కాదనలేదావిడ.

నీ యజమాని,
దెంబా.


పీతా,
ఫిబ్రవరి 1994.

మహారాజశ్రీ దెంబా సో గారికి, విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు సాలియూ బారీ సలాములతో వ్రాయునది.

మీ లేఖ అందినది. చదివి, ఎర్రసిరాతో దిద్ది, ఇదే కవరులో తిప్పి పంపుతున్నాను. "ఇక్కడి కబుర్లు" అని వ్రాసి చుక్క పెట్టారు. క్రియ లేని దానిని వాక్యమనరు. ఇన్నేళ్ళు ఇంజను నడిపిన మీకు, లాగేది లేకుండా పెట్టెలు కదలవని నేను చెప్పవలసి వచ్చినందుకు విచారిస్తున్నాను.

ఇక విషయానికి వస్తాను. సో, బారీ వంశాల నడుమ తాతల నాటి నుండి బావల వరస ఉన్నది. ఆ వరసలో బానిస అన్నా, మరెంత మాట అన్నా కోపగించుకొనరాదు. ఆ వరసలో మనసారా కోరిన కోరికను కాదనరాదు. ఈ రెండు నియమాలను నేను బడిలో పిల్లలకు చెప్పినవాడినే. అయితే, ఆ వరసను అడ్డు పెట్టుకొని మీరు నన్ను ఎన్నిసార్లు పరుగెత్తించారో కూడా నాకు జ్ఞాపకమున్నది. ఒక వేసవిలో నేను సెలవులకు ఈ ఊరు వచ్చినప్పుడు, "బడి పైకప్పు గాలికి లేచిపోయింది, వెంటనే రా" అని వ్రాశారు. లారీలో బియ్యం బస్తాల మీద కూర్చొని వచ్చాను. పైకప్పు యథాస్థానంలో ఉన్నది. దాని కింద మీరు మేకను కోయించి, "నా బానిస దిగాడు, వడ్డించండి" అని కేక వేశారు. ఆ కుట్రలో రమతా కూడా భాగస్వామి అని తరువాత తెలిసినది. ఆమె నవ్వును ఆపుకొనలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకొన్నది.

కాబట్టి ఈ రెండవ పట్టా కథను కూడా ఆ పైకప్పు పక్కనే ఉంచుతున్నాను.

ఒకవేళ నిజమే అనుకొన్నా, కమ్సార్ మట్టిని మరల త్రొక్కే ఉద్దేశం నాకు లేదు. రమతా పోయిన నెలలోనే నా పదవీ విరమణ. కంపెనీ ఇంటి తాళం అప్పగించడానికి వసారాలోకి వచ్చేసరికి, కొత్తగా దిగుతున్నవారి పరుపు మెట్ల మీద పరిచి ఉన్నది. ఆ ఊరి పిల్లలకు ఏళ్ళ తరబడి చదువు చెప్పినవాడిని, ఒక పరుపును దాటుకొని దిగి వచ్చాను. ఆ అడుగే ఆఖరి అడుగు అని ఆనాడే అనుకొన్నాను.

రాతిపలక మీది వాక్యం దాదాపు సిద్ధమైనది. "విశ్రమించుచున్నది" అనడమా, "విశ్రమించినది" అనడమా అన్న ఒక్క సందేహం మిగిలినది. మొదటిది కొనసాగుతున్న క్రియ, రెండవది ముగిసినది. తొందరపడి వ్రాయదగిన విషయం కాదు.

భవదీయుడు,
సాలియూ బారీ.


కమ్సార్,
మార్చి 1994.

బావా,

నీ ఎర్రసిరా చూసి జైనబూ, "ఉత్తరానికి దెబ్బ తగిలిందా, ఇంత రక్తం" అంది. విషయం చెప్పాను. నామీద ఎగిరింది.

"చచ్చిపోయిన మనిషి సంగతి నవ్వుతూ రాస్తే ఎవడు నమ్ముతాడు? ఏడుస్తూ రాయి."

"బావకి ఏడుస్తూ రాస్తే వరస చెడిపోదూ?" అన్నా.

"చెడనీ. ఆవిడ నాకు మిరపకాయలు అప్పివ్వని వారం లేదు. పేరు లేని వరసలోకి పోనిస్తావా?" అంది.

అందుకని ఈసారి నవ్వకుండా రాద్దామని కూర్చున్నాను. పొద్దున్నుంచీ కూర్చున్నాను బావా. నీతో మామూలుగా మాట్లాడ్డం నాకు చేతకావటం లేదు. రమతా పోయిన రోజున కూడా నీ దగ్గర కూర్చుని, నీ గడ్డం మీద వేళాకోళమే ఆడాను. అలా ఆడకపోతే నువ్వు లేచి అన్నం తినవని తెలుసు.

నిన్న చెట్టు దగ్గరికెళ్ళాను. దాని మొదలుకి సున్నంతో గీత గీశారు, అంటే కొట్టేస్తారని. చుట్టూ ఎర్రగుడ్డ కట్టిన పుల్లలు పాతారు. చెట్టు కింద దిక్కులేనివి మూడు ఉన్నాయి, మూడూ ఆడవాళ్ళవే. మిగతావాళ్ళందరికీ ఎవరో ఒకరు వచ్చారు. అబూ సుమా పెద్దాయన కొడుకులు బోకే నుంచి వచ్చి వాళ్ళమ్మని చూపించి వెళ్ళారు. నేను ఆ మూడింటి చుట్టూ తిరిగి కాలితో మట్టి గీరి చూశాను, మేకు పీకిన చిల్లు ఏమన్నా కనపడుతుందేమోనని. ఎనిమిదేళ్ళ కిందటి చిల్లు. నా తెలివి చూశావా.

మనసారా అడిగింది కాదనకూడదన్నావు. మన ఇన్నేళ్ళ స్నేహంలో నేను నిన్ను ఒక్కటీ అలా అడగలేదు. మేక కూర తినమని అడిగానంతే. ఇప్పుడు అడుగుతున్నాను. రా. ఆవిడ ఎక్కడుందో వేలు పెట్టి చూపించి వెళ్ళిపో. కంపెనీ కాలనీ వైపు చూడకు, మెట్లు ఎక్కకు. మా ఇంట్లో దిగు.

దారిఖర్చులు లేకపోతే ఆ గడ్డం అమ్ముకో. ఎర్రదుమ్ము ఊడవటానికి ఇక్కడ చీపుళ్ళకి మంచి గిరాకీ ఉంది.

దెంబా.


పీతా,
ఏప్రిల్ 1994.

దెంబా సో గారికి,

మీ రెండవ లేఖను శ్రద్ధగా చదివాను. అందులో కొన్ని వాక్యాలు చక్కగా ఉన్నవి. చీపుళ్ళను గురించిన చివరి వాక్యం లేకపోయినట్లయితే నమ్మి ఉండేవాడినేమో. నిజమైన కోరికకు అటువంటి తోక ఉండదు.

మీరు నిజంగా కోరినట్లయితే కాదనే హక్కు నాకు లేదు. అందుచేత ఇది పరిహాసమేనని నిర్ణయించుకొన్నాను. ఇటువంటి కార్యమే జరుగుతున్నట్లయితే, ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయునికి ఆ ఊరి పెద్దలు వ్రాతపూర్వకంగా తెలియజేసి ఉండేవారు. అటువంటి జాబు ఏదీ నాకు రాలేదు. మసీదు మైకు పీతా వరకు వినపడదు.

ఇక్కడ మబ్బులు దిగుతున్నవి. కుడి మోకాలు వాచి ఉన్నది. వైద్యుడు లారీ ప్రయాణం వద్దన్నాడు. ఫోన్యో ధాన్యం ఎండలో ఉన్నది. చూచుకొనే మనిషి లేడు. ఇన్ని కారణాలు చెప్పవలసిన అవసరం లేదు, అయినా చెప్పాను.

జైనబూకు నా సలాములు.

సాలియూ బారీ.

తా.క. ఆ జీడిమామిడి చెట్టును ఇంకా కొట్టలేదు కదా? ఊరికే అడిగాను.


కమ్సార్,
మే 1994.

బావా,

చెట్టు లేదు.

నీ ఉత్తరం వచ్చేసరికే అంతా అయిపోయింది. ఎలా జరిగిందో రాస్తాను. నీకు తెలియాలి కదా.

ఆ రోజు ఇమాంగారు, అబూ సుమా పెద్దాయన, పలకలు రాసే పెయింటరు, తవ్వేవాళ్ళు, అందరూ చెట్టు దగ్గరికి వచ్చారు. "ఈ ముగ్గురికీ ఎవరన్నా ఉన్నారా?" అని ఇమాంగారు గట్టిగా అడిగారు. మళ్ళీ అడిగారు. నేను రోడ్డు వైపు చూశాను. పీతా లారీ రోజూ ఆ వేళకే వస్తుంది. వచ్చింది కూడా. డ్రైవరు నారింజపళ్ళే దించాడు.

ఇమాంగారు మూడోసారి అడగబోతుంటే, "నా భార్య" అన్నాను.

"వీళ్ళలో ఎవరు?" అన్నారు.

నాకేం తెలుసు? ఒకటి చూపిస్తే అది కాకపోతే? చూపించనిదాంట్లో ఆవిడుంటే? నోటికొచ్చింది అనేశాను, "ముగ్గురూ."

అబూ సుమా పెద్దాయన నోరు తెరిచాడు. "ఒరే దెంబా, ఇంట్లో జైనబూ ఉండగా ఈ ముగ్గుర్నీ ఎప్పుడు చేసుకున్నావురా?"

"రైలు నడిపేవాణ్ణి పెద్దాయనా. దారిలో స్టేషన్లుండవా?" అన్నాను.

తవ్వేవాళ్ళు పారలు పట్టుకుని నవ్వారు. ఇమాంగారు నవ్వలేదు. ఆయనకి సంగతి తెలుసు, రమతాకి నమాజు చదివించింది ఆయనే. పెయింటరు వైపు తిరిగి, "జైనబూతో కలిపి నలుగురు. ధర్మం దాటలేదు. రాయండి" అన్నారు.

పెయింటరు పేర్లడిగాడు. ఒక పలక మీద రమతా అని రాయించి, ఆవిడ పక్కదాంట్లో ఉంటే? అందుకని పేర్లు చెప్పలేదు. మూడింటి మీదా "దెంబా సో భార్య" అని రాయించాను. మూడు పలకలూ ఒక్కలాగే ఉన్నాయి.

ముగ్గుర్నీ తెల్లబట్టలో చుట్టారు. చాలా చిన్న మూటలు బావా. కొత్తచోట దించేటప్పుడు బావ వరసవాడు చెయ్యాల్సింది నేనే చేశాను. గోతికి అడ్డంగా కూర్చుని, "ఈవిణ్ణి పోనివ్వను, నా అన్నం ఎవరు వండుతారు" అన్నాను. అలా అడ్డం కూర్చున్నవాణ్ణి మొగుడు కానుకగా కోలాకాయ ఇచ్చి లేపాలి. మొగుడు లేడు. నేనే మొగుణ్ణీ, నేనే బావనీ అయిపోయాను. చివరికి ఇమాంగారు తన జేబులోంచి తీసి ఇచ్చారు. రెండోదాని దగ్గరా అలాగే కూర్చున్నాను, మూడోదాని దగ్గరా. రమతా ఎవరో తెలీదు కదా, మానలేదు. మూడోసారికి ఎవరూ నవ్వలేదు.

ఇంటికొస్తే జైనబూ తలుపు తియ్యదు. అప్పటికే ఊరంతా పాకింది. "ముగ్గురు సవతుల్ని తెచ్చి ఏ మొహం పెట్టుకుని వచ్చావు" అంది లోపల్నుంచి. నవ్వుతోందనుకున్నా. తీసిన తర్వాత చూస్తే మొహమంతా తడి.

ఈ ఉత్తరం దిద్దకు.

దెంబా.


పీతా,
జూన్ 1994.

దెంబా గారికి,

మీ ఉత్తరాన్ని దిద్దలేదు.

మీరు పరిహాసానికి వ్రాసేటప్పుడు మీ అక్షరాలు కాగితమంతా పరుచుకొంటాయి. పైకప్పు ఉత్తరంలో అలాగే ఉన్నవి. జనవరి ఉత్తరంలో రమతా పేరు వచ్చిన చోటి నుండి అక్షరాలు చిన్నవైపోయాయి. ఇన్ని వేల దస్తూరీలు చూచినవాడికి అది కనపడదా? మొదటి రోజునే కనపడినది. అయినా ఎర్రసిరా బుడ్డి మూత తీశాను.

పరుపు దాటిన సంగతి మీకు వ్రాశాను. అది ఎవరి పరుపో ఈనాటికీ నాకు తెలియదు. ఎవరో ఒక కొత్త ఉద్యోగి. బహుశా అతనికీ భార్య, పిల్లలు ఉండి ఉంటారు. వారికి ఆ రాత్రి పడుకొనే చోటు కావాలి. ఇందులో నాకు జరిగిన అవమానం ఏమిటో ఇప్పుడు వాక్యంగా వ్రాయబోతే కర్త దొరకడం లేదు.

ఒక్క సంగతి అడుగుతాను. చెట్టు మొదట్లో నిలబడి ఓడల వైపు తిరిగితే ఆమె ఎక్కడ ఉన్నదో నేను కళ్ళు మూసుకొని చూపగలిగేవాడిని. ఇప్పుడు ఆ చెట్టు లేదు, ఆ చోటు లేదు. మూడు మూటలలో ఏది ఏ గోతిలోనిదో తవ్వినవారు ఎవరైనా జ్ఞాపకం ఉంచుకొన్నారా? ఉంచుకొని ఉండరని తెలుసు. అయినా అడగండి.

వానలకు కింద వంతెన కొట్టుకొనిపోయినది. నవంబరు వరకు లారీలు కదలవు. దారి తెరిచిన వెంటనే వస్తాను. రంగు డబ్బా, కుంచె తెస్తాను. మీరు చేసినదానికి నేను ఋణపడి ఉన్నాను. అయితే ఆమె బారీ ఇంటి కోడలు. ఆ పలకల మీద మీ పేరు ఉండడం సరికాదు. దిద్దవలసి ఉన్నది.

సాలియూ.


కమ్సార్,
సెప్టెంబరు 1994.

బానిసా,

ఈ ఉత్తరం కొండదారిన నడిచి వచ్చేవాళ్ళ చేతికిస్తున్నా, ఎప్పుడు చేరుతుందో నీ అదృష్టం.

తవ్వినవాళ్ళని అడిగాను. "ముగ్గురూ మీ ఆవిడలే కదా, ఏది ఏదైతే ఏం" అన్నారు.

రంగు తెచ్చుకో. కడుపునిండా దిద్దుకో. మూడింటి మీదా "సాలియూ బారీ భార్య" అని రాసుకో. కాకపోతే మిగతా ఇద్దరి మొగుళ్ళు ఏదో ఒకనాడు ఏ ఓడ దిగో వస్తే, జవాబు నువ్వే చెప్పాలి. నేనైతే రైలువాణ్ణని తప్పించుకుంటా. ప్రధానోపాధ్యాయుడివి, నువ్వేం చెప్తావు?

నవంబరులో నేను ఉండకపోవచ్చు. గనుల ఊళ్ళో మా పెద్దమ్మాయికి నెలలు నిండుతున్నాయి, వెళ్ళాలి. జైనబూ ఉంటుంది. మొహమాటపడకుండా తిను. నీకు మొహమాటం ఎక్కడిదిలే.

పాత ఖబరస్తాన్ మీంచి రెండో పట్టా పడిపోయింది. ఆ చెట్టు ఉన్నచోట బండి కాస్త నెమ్మదిగా పోనిమ్మని కుర్రాడికి చెప్పాను. ఎందుకన్నాడు. మలుపు లేదుగా అన్నాడు. నీకెందుకు, చెప్పింది చెయ్యి అన్నాను.

దెంబా.


కమ్సార్,
నవంబరు 1994.

దెంబా,

నువ్వు లేని నీ ఇంట్లో, నీ కుర్చీలో కూర్చొని వ్రాస్తున్నాను. కుర్చీకి ఒక కాలు పొట్టి. యజమానివి కదా, బాగుచేయించుకోలేవా.

నిన్న సాయంత్రం లారీ దిగాను. నీ మనుమరాలు పుట్టిందన్న కబురు నాకంటే ముందే ఇంటికి వచ్చి ఉన్నది. జైనబూ ఆ సంతోషంతోనే అన్నం వడ్డించినది. కర్రపెండలం ఆకు కూర, పొగబెట్టిన చేప. "మీకు మొహమాటం ఎక్కడిదిలే" అంటూ రెండవసారి అడగకుండానే వేసినది. నీ ఉత్తరాలు ఈమెకు కూడా చదివి వినిపిస్తావని అర్థమైనది.

ఈ రోజు శుక్రవారం. పొద్దున్నే రంగు డబ్బా చేతికి తగిలించుకొని బయలుదేరాను. జైనబూ చీపురు పట్టుకొని వెంట వచ్చినది. కొత్త ఖబరస్తాన్‌లో మూడు పలకలూ దూరం నుండే కనపడినవి. నీ పేరు మూడుసార్లు. పెయింటరు దస్తూరీ బాగున్నది.

"అన్నయ్యా, వీళ్ళే నా సవతులు" అన్నది జైనబూ. "ఈ చివరావిడకి కోపం ఎక్కువ. ఊడ్చి వెనక్కి తిరిగేలోగా మళ్ళీ దుమ్ము పోసుకుంటుంది."

"వీరిలో రమతా ఎవరని నీకు అనిపిస్తుందమ్మా?" అని అడిగాను.

"వారానికొకరు" అన్నది. "ఆయన అలా పెట్టారు. ఒక్కో శుక్రవారం ఒక్కరి దగ్గర కూర్చుని రమతా అని పిలుస్తాం, కబుర్లు చెబుతాం. మిగతా ఇద్దరికీ సలాం పెడతాం. ఎవర్నీ వదిలెయ్యలేదు."

"ఈ వారం ఎవరి వంతు?"

"నడిమావిడది."

నడిమి దాని పక్కన కూర్చున్నాను. మోకాలు సహకరించలేదు, జైనబూ చేయి పట్టుకొని కూర్చోబెట్టినది. ఇన్నేళ్ళుగా కూర్చుకొంటున్న వాక్యం నోటికి వచ్చినది కాని, అది ఆమెతో అనవలసిన మాట కాదు. అది బాటన పోయేవారు చదవడానికి కట్టినది. చివరికి, "ఆలస్యమైనది" అన్నాను. తరువాత నీ కుర్చీ సంగతి చెప్పాను. ఈమె గాని, మరొకరి భార్య గాని, ఎవరైనా వినే ఉంటారు.

దూరాన పట్టా మీద ఖనిజం బండి వచ్చినది. చెట్టు ఉండిన చోట నెమ్మదించినది. నువ్వు చెప్పిన మాట ఆ కుర్రాడు వింటున్నాడు.

రంగు డబ్బా మూత తీయలేదు. జైనబూకు ఇచ్చాను, వీధి తలుపుకు వేయిస్తుందట. పలకలు ఉన్నవి ఉన్నట్లే ఉండనీ. నీ భార్యలను నా భార్యలనే హక్కు నాకూ ఉన్నది. వరస అటూ ఇటూ ఒకటే కదా బావా.

లేచేటప్పుడు చూశాను. మూడింటికీ తలవైపున రైలు మేకులు కొట్టి ఉంచావు. ఆ సంగతి నాకు ఏ ఉత్తరంలోనూ వ్రాయలేదు. పీకేస్తానని భయపడ్డావు కాబోలు. నడిమిది కాస్త వదులుగా ఉన్నది, వానకు మట్టి కరిగి ఉంటుంది. పక్కనే దొరికిన రాయి తీసుకొని, కదలకుండా బిగిసేవరకు కొట్టాను.

నీ బావ,
సాలియూ.